బడిబస్సు – తల్లుల పూచీ

మేము వనపర్తిలో కాపురమున్నాము. మా మనుమడు మూడవ తరగతి చదువుచున్నాడు. వాని బడి ఊరికి వెలుపల ఏడెనిమిది కిలోమీటర్ల దూరమున నున్నది. ప్రతిదినము ఉదయము ఎనిమిది గంటలకు పసుపుపచ్చని బస్సు మా వీధి మలుపున వచ్చి నిలుచును. వానిని ఎక్కించి, చేయి ఊపి, లోనికి వచ్చి పొయ్యిమీది పాలు చూచుకొనుట నాకు అలవాటు. బస్సు మలుపు తిరిగినపిదప ఆ పిల్లవాని భారము బడివారిది, భగవంతునిది అని నమ్మియుంటిని.

గడచిన ఆషాఢమాసమున ఒకనాటి సాయంకాలము బస్సు తిరిగి వచ్చుచుండగా ఒక గేదె అడ్డముగా వచ్చినదట. డ్రైవరు చటుక్కున బ్రేకు వేసెను. బస్సు దేనికిని తగులలేదు. గేదెకును దెబ్బ తగులలేదు. లోపలి పిల్లలు మాత్రము ముందుసీట్ల ఇనుపకడ్డీలకు కొట్టుకొనిరి. మావాని పైపెదవి చీలి, ముందుపళ్లు రెండు ఊడినవి. అవి పాలపళ్లు కావు. క్రొత్తగా వచ్చిన పళ్లు. వాని ప్రక్కనే కూర్చున్న మా పొరుగింటి బాలికకు మణికట్టు విరిగినది.

మరునాడు బస్సు రాగానే నేను లోని కెక్కి చూచితిని. ఒక్కొక్క సీటుక్రింద బెల్టులు మడిచి రబ్బరుతో కట్టియున్నవి. కొన్నింటికి కొక్కెములే లేవు. ఇదేమి నాయనా అని డ్రైవరు నడిగితిని.

“పిల్లలు గుంజి తెంపుతున్నరమ్మా, అందుకే కట్టి పెట్టినం. అయినా ఇద్దరు కూర్చునే సీటుమీద ముగ్గురిని కూర్చోబెడుతున్నం. ఇద్దరి బెల్టు ముగ్గురికి ఎట్ల సరిపోతది?” అని అతడు బదులు చెప్పెను.

నాకు నోట మాట రాలేదు. ఏలయనగా, ఆ సీటున మూడవ బిడ్డను కూర్చుండబెట్టించినదానను నేనే. బడులు తెరచిన దినములలో, పొరుగింటి పిల్లకు బస్సులో చోటు లేదని చెప్పగా, “సర్దుకుంటారులే నాయనా, మావాని ప్రక్కనే కూర్చోబెట్టు” అని డ్రైవరును బ్రతిమాలితిని. ఆమె తల్లి నన్ను మెచ్చుకొనినది. ఇప్పు డా బిడ్డ చేతికి కట్టుతో మా అరుగుమీద కూర్చున్నది. తల్లి నన్నొక్క మాటయు అనలేదు. అనకపోవుటయే నాకు ఎక్కువ బాధయైనది.

నాటినుండి ఈ సంగతి తెలిసికొనవలెనని పట్టుపట్టితిని. మా అబ్బాయి లెక్క వేసి చూపినాడు. గంటకు నలుబది కిలోమీటర్ల వేగముతో పోవు బస్సు హఠాత్తుగా దేనికైన ఢీకొని నిలిచిపోయినచో, లోని బిడ్డ మాత్రము నిలువక అదే వేగముతో ముందునకు పోవును. ఆ దెబ్బ ఇంచుమించు ఇరువది అడుగుల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపైనుండి పడిన దెబ్బతో సమానము. మేడమీద పిట్టగోడ లేనిదే పిల్లలను ఆడుకొననీయము గదా! బస్సులో ఆ పిట్టగోడయే బెల్టు. అమెరికా దేశమున పెద్ద బడిబస్సులకు 1977 నుండి ఎత్తైన మెత్తని వీపుగల సీట్లను దగ్గరదగ్గరగా అమర్చి, ఎదురు దెబ్బకు అదియే రక్షణయనిరి. కాని బస్సు ప్రక్కకు ఒరిగినను, బోర్లపడినను ఆ మెత్త చాలదని తెలిసి, కొన్ని రాష్ట్రములవారు బెల్టులుకూడ పెట్టించిరి. మన బస్సులలో ఆ మెత్తయైనను లేదు, ఇనుపకడ్డీయే ఉన్నది.

తరువాత మా వీధి తల్లులను మా యింటికి పిలిచితిని. పదునాలుగుగురు వచ్చిరి. కొత్తకోట పుట్టినిల్లుగాగల ఒకామె లేచి, “అక్కా, పాలెం మరచిపోయితివా? బెల్టు కట్టినంక నిప్పంటుకుంటే పిల్లలెట్ల బయటపడతరు?” అని అడిగెను. అందరును మౌనము వహించిరి. 2013 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున బెంగుళూరునుండి హైదరాబాదునకు పోవు బస్సు పాలెంవద్ద కల్వర్టును ఢీకొని, నిప్పంటుకొని, 45 మంది ఆహుతియైరి. అది మా జిల్లాలోని ఊరే. మొన్న 2025 అక్టోబరు 24న గద్వాలకు ఆవలియొడ్డున, కర్నూలువద్ద చిన్నటేకూరులో మరియొక బస్సు అట్లే కాలి, అందులోని 19 మంది ప్రాణములు విడిచిరి. ఆమె భయము వట్టిది కాదు.

ఐనను నే నాలోచించి చెప్పినది ఇది: ఢీకొన్నప్పుడు తల పగిలి స్పృహ తప్పిన బిడ్డ నిప్పునుండి లేచి పరుగెత్తజాలదు. బెల్టు ఆ బిడ్డను స్పృహలో నుంచును. మీట నొక్కిన క్షణములో విడిపోవును. కనుక బెల్టు కట్టుటతోపాటు విప్పుటయు నేర్పవలెను. అపాయద్వారమునకు అడ్డముగా సంచులు పెట్టనీయరాదు. బెల్టు సర్వరోగనివారిణి యని నేననను. 2014 జులై 24న మెదకు జిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని రైలుగేటున రైలు బడిబస్సును ఢీకొన్నది. పసిపిల్లలు పోయిరి. అక్కడ కావలసినది బెల్టు కాదు, గేటు. 2019 నాటికి బ్రాడ్‌గేజి దారులలో అట్టి గేట్లు లేకుండ చేసిరి. ఏ అపాయమునకు తగిన ఉపాయము దానికుండును, అడుగువారుండవలెను.

ఇంగ్లండున 1993 నవంబరులో ఒక బడి చిన్నబస్సు రాజమార్గమున నిలిచియున్న బండిని ఢీకొని, 12 మంది పిల్లలు, బస్సు నడుపుచున్న ఉపాధ్యాయినియు మరణించిరి. పిల్లలు ప్రక్కవాటు బెంచీలపై బెల్టులు లేక కూర్చుండిరి. బిడ్డలను పోగొట్టుకొన్న తలిదండ్రులు ఊరకుండక పోరాడిరి. 1997 నుండి అచ్చట పిల్లలను గుంపుగా తీసికొనిపోవు బస్సులలో ఒక్కొక్కరికి ఒక్కొక్క సీటు, దానికొక బెల్టు ఉండవలెనని శాసనమైనది. మన దేశమున 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము, పదునాలుగేండ్లలోపు బిడ్డను బెల్టు లేక వాహనమున తీసికొనిపోవువానికి వేయి రూపాయల జరిమానా విధించుచున్నది. అది కాగితమున నున్నది. అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు గదా!

మేము నలుబదియొక్క సంతకములు కూర్చి బడివారికి ఇచ్చితిమి. వారు మొదట నవ్విరి, పిదప విసుగుకొనిరి, తుదకు సీటుకు ఇద్దరే కూర్చుండవలెనన్నచో బస్సు రెండు మారులు తిరుగవలెననియు, మొదటి బస్సు ఏడుగంటలకే వచ్చుననియు చెప్పిరి. ఇప్పుడు పరీక్ష మాకే వచ్చినది. ఏడుగంటలకు బిడ్డ సిద్ధము కావలెనన్న తల్లి నాలుగున్నరకే లేవవలెను. సంతకము చేసినవారిలోనే ఇద్దరు, “ఈ పెద్దమ్మకు పనేముంది, పొద్దున వంట మాది గదా” అని గొణిగిరి. వారి మాటలో న్యాయమున్నది. కోడలితో నేనును తెల్లవారుజామున లేచి పొరుగింటి పిల్ల డబ్బాకూడ కట్టుట మొదలుపెట్టితిని. అది నా అపరాధమునకు చిన్న చెల్లింపు.

నేడు ఆ బస్సులో సీటుకు ఇద్దరే కూర్చుందురు. బెల్టులు చాలవరకు బాగుచేసిరి. వెనుక వరుసకు ఇంకను లేవు. బస్సులోని ఆయా ప్రతి బిడ్డ బెల్టు చూచినపిదపనే “పోనీ అన్నా” అనును. కిందటి వారము కారులో వెనుక కూర్చున్న నన్ను మా మనుమడు తొస్సినోటితోనే, “అవ్వా, నీ బెల్టేది?” అని అడిగినాడు. నేను దానిమీదనే కూర్చుండియుంటిని! సిగ్గుపడి కట్టుకొంటిని.

గద్వాల, నాగర్‌కర్నూలు సోదరీమణులారా! మీ పల్లెలనుండి ఎందరో పిల్లలు ఆటోలలో క్రిక్కిరిసి బడికి పోవుచున్నారు. వానిలో బెల్టే లేదు. అక్కడ తల లెక్క తగ్గించుటయే మొదటి మేలు. బస్సున్నవారు ఒక్కమారు లోని కెక్కి చూడుడు. సీటుకు ఎందరు? బెల్టు ఉన్నదా? ఉన్నచో బిడ్డ పొట్టమీద కాక తుంటిమీద నిలుచుచున్నదా? అపాయద్వారము తెరచుకొనుచున్నదా? ఏటేట వేసవిలో, బడులు తెరచుటకు ముందు, రవాణాశాఖవారు ఈ బస్సులను పరీక్షింతురు. పదిమంది తల్లులు కలిసి అడుగవలసిన సమయ మదియే. మీ బిడ్డ ప్రక్కన మరియొక బిడ్డను “సర్దుకొమ్మని” మాత్రము నావలె బ్రతిమాలకుడు.