రేపల్లె దారిలో చలి లెక్క

తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే పాసింజరు వేమూరు దాటిందంటే రెండు వైపులా మాగాణే. సాగు కాలవలు, మురుగు కాలవలు, గట్ల మీద తాడిచెట్లు. కనుచూపు మేరలో ఎత్తైన నేలంటూ ఉంటే అది మనం కూర్చున్న రైలు కట్టే. భట్టిప్రోలు మీదుగా పోతున్నకొద్దీ నేల ఇంకా చదునవుతుంది, సముద్రం దగ్గరవుతుంది. ధ్రువ యాత్రల గురించి ఆలోచించడానికి ఇది తగిన దారేనా అని ఎవరైనా అడగొచ్చు. ఇంతకన్నా తగిన దారి నాకు కనబడదు. అంటార్కిటికాలో కొందరు ప్రాణాలు పెట్టి నేర్పిపోయిన పాఠం ఈ తీరానికి నేరుగా పనికొస్తుందని, మన తుపాను జాగ్రత్తల్లో దానికి దక్కాల్సినంత చోటు దక్కలేదని నా నమ్మకం. చలి మనిషిని థర్మామీటరులోని అంకెతో చంపదు. తడి, గాలి, ఆకలి, గంటలు కలిసినప్పుడు చంపుతుంది. తుపాను రాత్రి ఈ డెల్టాలో కలిసేవి సరిగ్గా ఆ నాలుగే.

1911 ధ్రువ శీతకాలంలో అంటార్కిటికా యాత్రికుడు స్కాట్ బృందానికి చెందిన విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం కేప్ క్రోజియర్‌కు నడిచి వెళ్ళారు. పొద్దు పొడవని అయిదు వారాలు. ఒక దశలో చలి మైనస్ 60 డిగ్రీలకు దిగింది. అందరూ చెప్పుకునేది ఆ అంకెనే. నాకు మాత్రం వాళ్ళ పడక సంచుల బరువు ముఖ్యమనిపిస్తుంది. చెర్రీ-గారార్డ్ తోలు సంచి బయల్దేరినప్పుడు సుమారు 8 కిలోలు, తిరిగొచ్చేసరికి 20 కిలోలు. పెరిగిందంతా మంచు. అది పైనుంచి పడింది కాదు, ఆయన చెమటా ఊపిరీ తోలులో ఇంకి గడ్డకట్టిందే. ప్రతి రాత్రీ ఆ రాయిలాంటి సంచిని తన ఒంటి వేడితోనే అంగుళం అంగుళం కరిగించుకుంటూ లోపలికి దూరేవాడు. అంటే తిన్న తిండిలో కొంత భాగం తన తడిని తానే వెచ్చబెట్టుకోవడానికి ఖర్చయిపోయింది. ఇక గాలి సంగతి. మరో యాత్రికుడు మాసన్ బృందం 1912, 13లలో గడిపిన అంటార్కిటికాలోని కేప్ డెనిసన్‌లో గాలి ఏడాది సగటే గంటకు సుమారు 80 కిలోమీటర్లు. ధ్రువ ప్రాంతంలో అంతకన్నా చల్లని చోట్లు చాలా ఉన్నా, అంత కఠినమైనవి తక్కువ. 1941లో పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అంటార్కిటికాలోని లిటిల్ అమెరికా స్థావరం కప్పు మీద ఒక ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి వేలాడదీశారు. ఎంత గాలికి అది ఎంతసేపట్లో గడ్డకడుతుందో కొలిచారు. గాలి చలిని ఎంత పెంచుతుందో చెప్పే, వాతావరణ వార్తల్లో మనం వినే ‘విండ్ చిల్’ లెక్కకు మూలం ఆ గొట్టమే. ఆకలి విషయానికి సాక్ష్యం దక్షిణ ధ్రువం నుంచి తిరిగొస్తూ స్కాట్ ప్రాణం వదిలిన గుడారం. రోజుకు 6,000 కెలోరీలకు పైగా ఖర్చయ్యే బండి లాగుడు పనికి వాళ్ళు తిన్నది సుమారు 4,500. 1912 మార్చి 29న స్కాట్ చివరి మాటలు రాసేనాటికి తర్వాతి తిండి నిల్వ 20 కిలోమీటర్ల దూరంలోనే ఉంది.

రేపల్లెలో దిగి పెనుమూడి దాకా వెళితే కృష్ణ. వారధి అవతల పులిగడ్డ, ఆ వెనక దివిసీమ. 1977 నవంబరు 19 సాయంత్రం ఉప్పెన వచ్చింది అక్కడికే. అలలు తాటిచెట్లంత లేచాయని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కొలిచి చెప్పినవారి లెక్కలో ఆ నీటి గోడ అయిదారు మీటర్లు. పదివేల మంది దాకా పోయారు. బతికినవాళ్ళలో ఎందరో తాడిచెట్లనో తుమ్మచెట్లనో వాటేసుకుని, చీకట్లో, హోరుగాలిలో, వానలో తెల్లవారేదాకా వేలాడినవారే. అంతకు ఏడేళ్ళ ముందు, 1970 నవంబరులో, ఇలాంటి ఉప్పెనే నేటి బంగ్లాదేశ్ తీరాన్ని తుడిచిపెట్టింది. సోమర్, మోస్లీ అనే వైద్యులు అక్కడ బతికినవాళ్ళను పరీక్షిస్తే చాలామందికి ఛాతీ మీద, చేతుల లోపలి వైపు, తొడల మీద చర్మం ఒరుసుకుపోయి కనిపించింది. చెట్టు బెరడుకు గంటల తరబడి ఒళ్ళు రాసుకుపోయిన గాయాలవి. బతికినవారిలో వయసులో ఉన్న మగవాళ్ళు ఎక్కువ. పోయినవారిలో పసివాళ్ళు, ముసలివాళ్ళు, ఆడవాళ్ళు ఎక్కువ.

ఆ పోయినవాళ్ళంతా మునిగిపోయినవాళ్ళే కదా, చలి ఎక్కడిది అని గట్టిగానే అడగొచ్చు. నిజమే, ఉప్పెనలో చావుకు మొదటి కారణం నీళ్ళే. కానీ పట్టు ఎందుకు సడలింది అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. చెట్టు మీద ఆరు గంటలు ఆగి, ఏడో గంటలో జారిపడిన మనిషి కూడా మునిగిన లెక్కలోకే వస్తాడు. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీలకు దిగకముందే వేళ్ళు కొంకర్లు పోతాయి, కండ మాట వినదు. పసిపిల్లల ఒంటి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ కాబట్టి వేడి త్వరగా పోతుంది. ముసలివాళ్ళకు వణుకే సరిగ్గా రాదు. వణుకంటే ఒళ్ళు తనను తాను కాల్చుకుని వేడి పుట్టించడం. మధ్యాహ్నం నుంచి తిండి లేనివాడి ఒంట్లో ఆ కట్టెలు ఎంతోసేపు ఉండవు.

మరో అభ్యంతరం ఇంకా బలమైంది. నవంబరులో ఇక్కడి సముద్రం 27, 28 డిగ్రీలుంటుంది, రాత్రి గాలి కూడా 20 పైనే, దీన్ని చలి అంటారా? గాలిలో 28 డిగ్రీలు హాయి. నీటిలో కాదు. గాలి కన్నా నీరు ఒంటి వేడిని ఇరవై అయిదు రెట్లు వేగంగా లాగేస్తుంది. కదలకుండా నీళ్ళలో ఉన్న మనిషి వేడి కోల్పోకుండా ఉండాలంటే ఆ నీళ్ళు 33 డిగ్రీలకు పైనే ఉండాలి. నీళ్ళలోంచి పైకి వచ్చి గాలికి నిలబడితే మరో తంటా. తడిసిన ఒళ్ళు ఎండాకాలపు మట్టికుండలా ఆవిరి వదులుతూ చల్లబడుతుంది. ఒక లీటరు నీరు ఒంటి మీద ఆరిపోతే 580 కెలోరీలు, అంటే ఒక పూట భోజనమంత వేడి పోతుంది. వానలో కుండ చల్లబడదు కదా, తేమ గాలిలో ఆరడమెక్కడిది అంటే, కుండకూ మనిషికీ తేడా అక్కడే ఉంది. ఒళ్ళు గాలి కన్నా వెచ్చగా ఉన్నంతసేపూ ఆవిరి ఆగదు. పైగా పడే ప్రతి వాన చినుకూ కొంత వేడిని కడుక్కుపోతుంది.

రేపల్లె నుంచి నిజాంపట్నం హార్బరు చేరితే ఈ లెక్క చేతుల్లో కనిపిస్తుంది. మరపడవలు వేటకు కదిలే ముందు ఐసు దిమ్మల్ని పొడి చేసి అడుగు గదుల్లోకి పోస్తారు. ఆ పొడిని చేత్తో తోసేవాళ్ళ వేళ్ళు ఎర్రబడి, కాసేపటికి ముడి విప్పలేనంతగా బిగుసుకుపోతాయి. నడినెత్తిన ఎండ ఉంటుంది, చుట్టూ ఉక్కపోత ఉంటుంది, అయినా వేళ్ళు పనిచేయవు. అలవాటు వల్ల కొంత నయం, అంతే. మనవి ఉక్క ఊళ్ళు, మన ఒంటికి చలి తట్టుకునే గుణం లేదు అనేవాళ్ళు కూడా ఉన్నారు. దానికి జవాబు ఇదే తీరంలో, నెల్లూరు జిల్లా గాంధీ జనసంఘంలో ఉంది. అక్కడ పుట్టిన మల్లి మస్తాన్ బాబు 2006లో అంటార్కిటికాలోని 4,892 మీటర్ల విన్సన్ శిఖరం ఎక్కారు. ఆ ఏడాదే 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలూ పూర్తిచేశారు. ఆయన ఒంట్లో మంచు రక్తమేమీ లేదు. పొడిబట్ట, గాలి ఆపే తొడుగు, వేళకు తిండి, వెనక్కి తిరగాల్సిన గంట ఎప్పుడో తెలియడం ఉన్నాయి. 2015 మార్చిలో ఆండీస్‌లోని త్రెస్ క్రూసెస్ సుర్ మీద ఒంటరిగా ఎక్కుతుండగా వాతావరణం విరిగి, ఆయన్నూ చలికొండ తీసుకుంది. నేర్పు చలిని వాయిదా వేయగలదు గాని రద్దు చేయలేదు.

నిజాంపట్నం నుంచి పడమరగా బాపట్ల. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది ఈ ఊరి దగ్గరే, గంటకు 90, 100 కిలోమీటర్ల గాలితో. 1977తో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ. ముందస్తు హెచ్చరిక, ఖాళీ చేయించడం, తుపాను షెల్టర్లు చేసిన మేలది. దాన్ని తక్కువ చేయను. కానీ జనం షెల్టరుకు చేరేది తడిసే. తల్లి చీర కొంగు కింద ఉన్న బిడ్డా తడిసే చేరుతుంది. అక్కడ బియ్యం, మంచినీళ్ళు, మందులు సిద్ధం చేయడం మనకు బాగా అలవాటైంది. పొడిబట్టలు కూడా ఆ వరుసలోకి రావాలి. సూర్యలంక వైపు పోయే దారిలో సరుగుడు తోటలు గాలి వేగాన్ని కొంత విరుస్తాయి. షెల్టరు లోపల ఆ పని కిటికీ తలుపులు చేయాలి. తడిసినవాళ్ళు రాగానే ముందు తడిబట్ట విప్పించి పొడి దుప్పటి చుట్టాలి. పసిబిడ్డను తల్లి ఒంటికి ఒళ్ళు తగిలేలా పెట్టి ఇద్దరినీ కలిపి కప్పాలి. తెలివిలో ఉన్నవాళ్ళకు వెచ్చటి తీపి పాలో టీయో పట్టాలి. కాళ్ళు చేతులు గట్టిగా రుద్దకూడదు, బాగా చల్లబడినవాళ్ళను కుదపకూడదు. ఒక గుక్క సారా పోస్తే వేడెక్కుతారన్న నమ్మకం పల్లెల్లో ఇంకా ఉంది. సారా చర్మం దగ్గరి రక్తనాళాలను తెరిచి లోపల మిగిలిన వేడిని బయటికి పంపేస్తుంది. వణుకు ఆగిపోయిన మనిషి కుదుటపడ్డాడని వదిలేయడం అన్నిటికన్నా ప్రమాదం. ఒంట్లో కట్టెలు అయిపోయినప్పుడు కూడా వణుకు ఆగిపోతుంది. ఆ మనిషిని ముందు ఆసుపత్రికి పంపాలి.