సుమోలు లేని సీమలో మూడు రోజులు!

కర్నూలు అనగానే మీకేం గుర్తొస్తుంది? చెప్పక్కర్లేదు. కొండారెడ్డి బురుజు, దాని ముందు మహేష్‌బాబు, ఎదురుగా ప్రకాష్‌రాజ్! 2003లో గుణశేఖర్ ‘ఒక్కడు’ వచ్చినప్పటినుంచీ ఆ బురుజు కూడా ఒక స్టారే. 2020లో వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’ కోసం రామోజీ ఫిలింసిటీలో ఏకంగా దాని సెట్టే వేశారు. అసలు బురుజు మాత్రం ఊరి నడిబొడ్డున, ఆటోల హారన్ల మధ్య, ఏ మేకప్పూ లేకుండా నిలబడి ఉంది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని అందులో బంధిస్తే, సొరంగంలోంచి తప్పించుకున్నాడని ఊళ్లో చెబుతారు. ఇది కూడా సినిమా కథలాగే లేదూ!

నన్ను కర్నూలుకు పిలిచింది ఒక పాత ప్రయాణ మిత్రుడు. పదేళ్ల కిందట బదరీనాథ్ దారిలో కొండచరియ విరిగిపడితే, ఒకే బస్సులో రాత్రంతా చలికి వణికిన స్నేహం మాది. నాకంటే పెద్దవాడు, అందుకే ‘అన్నా’ అంటాను. ఆ రాత్రి అన్న “మాది కర్నూలు” అనగానే పక్క సీటాయన “బాంబులేమైనా తెచ్చారా?” అని జోకేశాడు. బస్సంతా నవ్వింది. అన్న కూడా నవ్వాడు.

ఈసారి ఆ మాటెత్తితే నవ్వలేదు.

“కూతురు హైదరాబాదులో చదువుతాంది. మాది కర్నూలంటే, మీ నాయనకు ఎన్ని సుమోలు అని అడుగుతారంట హాస్టల్లో. ఇప్పుడు హైదరాబాదే సొంతూరని చెప్పుకుంటాంది. కక్షలు లేవనడంల్యా. కొన్ని ఊళ్లను తినేసినాయి. కానీ మాకు వేరే బతుకే లేదా అబ్బా? మూడు దినాలు ఉండు. సూసి రాయి.”

సరే, చూశాను. రాస్తున్నాను.

వజ్రాల వేట

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లితే అంత రుచి వస్తుందని తిన్నవాడికే తెలుసు! అది కడుపులో పడ్డాక జొన్నగిరికి బయల్దేరాం.

జూన్‌లో తొలకరి పడితే చాలు, జొన్నగిరి, తుగ్గలి చేలు తిరునాళ్లలా మారిపోతాయి. వాన నీటికి పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. వాటిలో వజ్రం ఉండొచ్చు! ఎక్కడెక్కడినుంచో జనం సద్దిమూటలతో వచ్చి, తలొంచుకుని ఎర్రమట్టిలో మెల్లగా నడుస్తూ ఉంటారు. మెరిస్తే వంగడం, చూడడం, పారేయడం. మేమూ సాయంత్రందాకా అదే పని. దొరికినవన్నీ తెల్ల పలుగురాళ్లే! అన్న మాత్రం ఒకటి జేబులో వేసుకున్నాడు.

చెట్టుకింద ఒక ముసలమ్మను అడిగాను, “దొరుకుతుందంటావా అవ్వా?” అని.

“దొరికితే అప్పు తీరుతుంది నాయనా. లేకుంటే రేపు చెనిక్కాయ ఇత్తనం ఏసుకుంటాం. వాన పడింది గదా, అదే వజ్రం” అంది.

ఏ రచయిత రాశాడండీ ఇంత మంచి డైలాగు?

నేల లోపల, నేల అంచున

రెండోరోజు బెలుం గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. 1982, 83లలో గెబాయర్ అనే జర్మన్ తన బృందంతో లోపలంతా కొలిచాడు. మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు. మనల్ని వెళ్లనిచ్చేది అందులో దాదాపు సగం. లోపల ఉక్క మామూలుగా లేదు, చొక్కా పిండితే బిందె నిండేలా ఉంది! అట్టడుగున పాతాళగంగ. ‘పాతాళభైరవి’ ఇక్కడే తీయాల్సింది అన్నాడు అన్న.

చీకటి పడేసరికి కడప జిల్లా గండికోట చేరాం. రాగిసంగటి, నాటుకోడి పులుసు తిని, తెల్లవారుజామునే లోయ అంచుకు వెళ్లాం. ఎర్రమల కొండల్ని పెన్నానది నిలువునా కోసేసిన చోటు అది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఈ కోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. ఎండ పడగానే రాళ్లన్నీ ఎర్రగా మండాయి. అన్న కూతురికి వీడియో కాల్ చేసి ఫోన్ లోయవైపు తిప్పాడు. అవతల హాస్టల్ అమ్మాయిలు మూగినట్టున్నారు. “అంకుల్, ఇది ఏ దేశం?” అన్నదో గొంతు.

అన్న నోరు తెరిచేలోపే కూతురి గొంతు వినబడింది.

“మా సీమే!”

అన్న ఫోన్ పెట్టేసి చాలాసేపు పెన్న వైపే చూశాడు. నేను పలకరించలేదు.

కడపలో ఆఖరి రీలు

మూడోరోజు కడప. ఎర్ర కారం దోశ తిని కళ్లనీళ్లు తుడుచుకుంటూ పెద్ద దర్గాకు వెళ్లాం. సినిమావాళ్లూ తరచు వచ్చే చోటిది. దేవుని కడపలో వెంకటేశ్వరస్వామి గుడికి ఉగాదినాడు ముస్లిములు వచ్చి మొక్కుకుంటారు. ఇది ఏ సినిమాలోనైనా చూశారా?

ఇంకో సంగతి. ‘మల్లీశ్వరి’ (1951) తీసిన బి.ఎన్.రెడ్డి, అదే ఏడాది ‘పాతాళభైరవి’, 1957లో ‘మాయాబజార్’ నిర్మించిన విజయా వారి నాగిరెడ్డి అన్నదమ్ములు. ఇద్దరిదీ ఈ కడప జిల్లాయే! ఇద్దరికీ ఫాల్కే అవార్డు వచ్చింది, అన్నకు 1974కు, తమ్ముడికి 1986కు. మనల్ని అంతగా నవ్వించిన పద్మనాభానిదీ ఈ జిల్లాలోని సింహాద్రిపురమే. తెలుగు సినిమాకు ఈ నేల ఇచ్చింది ప్రేమకథలూ, మాయలూ, నవ్వులూ. వేటకొడవళ్లు తర్వాత మనం అంటగట్టినవి.

కాబట్టి దర్శకులకో మనవి. ఈసారి సీమకు వచ్చినప్పుడు సుమోలు హైదరాబాదులోనే వదిలేసి రండి. తొలకరి పడ్డాక రండి. జొన్నగిరి చేలో అవ్వ ఉంటుంది, డైలాగులు చెబుతుంది!