బొంగురు గొంతు

మన పిల్లలకు ఇష్టమైన డోరేమాన్‌కి జపాన్‌లో 1979 నుంచి 2005 దాకా, 26 ఏళ్లపాటు గొంతునిచ్చింది నోబుయో ఓయామా. 1933లో టోక్యోలో పుట్టింది. చిన్నప్పటి నుంచీ ఆవిడది బొంగురు గొంతే. బడిలో తోటిపిల్లలు నవ్వితే మాట్లాడటమే తగ్గించేసిందట. "దాచుకుంటే ఇంకా బలహీనపడుతుంది, రోజూ వాడు" అందట వాళ్లమ్మ. దాంతో వెళ్లి బడిలోని రేడియో బృందంలో చేరింది. అందరూ నవ్విన ఆ గొంతే తర్వాత జపాన్‌లో ఇంటింటికీ చుట్టమైంది. 2024లో, 90 ఏళ్ల వయసులో ఆవిడ కన్నుమూసింది.

మేం ఈ దేశం వచ్చి ఏడాదైంది. మొన్న మా అమ్మాయి, "క్లాసులో నా యాసకి నవ్వుతున్నారమ్మా, ఇంక చెయ్యెత్తను" అంది. ఓయామా వాళ్లమ్మ మాటే చెప్పాను. ఇప్పుడు రోజూ రాత్రి తమ్ముడికి గట్టిగా కథలు చదివి వినిపిస్తోంది. క్లాసులో ఇంకా చెయ్యెత్తలేదు. ఎత్తుతుంది.