నీలి పంచాంగము

యాత్ర యనగానే మనకు కాశీరామేశ్వరములు స్మరణకు వచ్చును. దైవదర్శనము లేని చోటికి రెండు దినములు రైలులో కూర్చుండి పోయి వచ్చితిమన్నచో, ఇంటి పెద్దలు "అచ్చట నేమున్నదమ్మా?" అని యడుగక మానరు. మేము గడచిన దసరా సెలవులలో వంగదేశమున కుత్తరపు కొసనున్న జల్పాయిగుడికి పోయి వచ్చితిమి. మా మఱది రైలుశాఖలో నుద్యోగియై సిలిగుడిలో కాపురముండుట యొక కారణము. అంతకంటె బలమైన కారణము వేఱొకటి గలదు. పందొమ్మిదవ శతాబ్దాంతమున ఆ జిల్లాలోని యొక తేయాకు తోటలో జరిగిన హత్యనుగూర్చి ఆనాటి పోలీసు పెద్ద తానే వ్రాసిన వృత్తాంతమును మా వారు ఒకనాటి రాత్రి మాకు చదివి వినిపించిరి. నాటినుండి ఆ నేల చూడవలెనని మాకు కోరిక.

వంగభాషనుండి వచ్చిన యపరాధపరిశోధన నవలలను మన తల్లులును అత్తలును కొంగుచాటున దాచుకొని చదివినవారే. ఆ నవలలు వ్రాసినవారిలో పెక్కుమంది దొంగను కన్నెత్తి చూచి యెఱుగరు. కాని తాము శోధించిన నేరములను తామే చెప్పుకొన్న పోలీసువారును ఆ దేశమున లేకపోలేదు. కలకత్తా పోలీసు పరిశోధక శాఖలోని ప్రియనాథ ముఖోపాధ్యాయుడుగారు 1892 మొదలు 'దారోగార్ దప్తర్' అను పేర, అనగా దారోగా కచ్చేరీ యను పేర, తమ యనుభవములను మాసమాసము ప్రచురించిరి. మేము చెప్పబోవునది వారి కథ కాదు. వంగరాష్ట్రపు పోలీసు ఇన్‌స్పెక్టరు జనరలు ఎడ్వర్డు హెన్రీ దొర 1900లో వ్రేలిముద్రలనుగూర్చి వెలువరించిన గ్రంథములో చేర్చిన కథ. ఇట్టి కథలలో పట్టినవాడే చెప్పువాడు. అతడు నిలిచిన చోటినుండియే మనమును చూడవలసి వచ్చును. ఈ సంగతి మనస్సున నుంచుకొని వినుడు.

భూటాను సరిహద్దున నున్న తోటలో మేనేజరు తన శయ్యమీద గొంతు తెగి పడియుండెను. ఆయన కాగితముల పెట్టెయు ఇనుపపెట్టెయు తెఱచి, కొన్ని వందల రూపాయలు ఎవరో కొనిపోయిరి. ఆయన కఠినముగా పని తీయువాడు గనుక కూలీలలో నొకడు చంపియుండుననిరి. వంటవాని బట్టలమీద నెత్తుటి మరకలున్నవి గనుక అతడే యనిరి. మేనేజరుతో సంబంధము గల యొక స్త్రీ యుండెను; ఆమె బంధువుల పని యనిరి. సమీపమున విడిసియున్న కాబూలీల గుంపును గూడ అనుమానించిరి. చివరకు, దొంగతనమునకై ఆయనయే చెఱసాలకు పంపించిన పాత నౌకరు పేరును వచ్చెను. అతడు కొలది వారములకు ముందే విడుదల యయ్యెను గాని, ఆ చుట్టుపట్ల అతనిని చూచితిమన్నవారు లేరు.

కూలీలమీద గాని, ఆ స్త్రీ బంధువులమీద గాని, కాబూలీలమీద గాని సాక్ష్యము దొరకలేదు. వంటవాడు తన బట్టలమీది నెత్తురు యజమానుని భోజనమునకై కోసిన పావురముదని చెప్పెను. రసాయనపరీక్షకుడు ఆ మాటను బలపఱచెను.

అటుపిమ్మట కాగితముల పెట్టెలో ఒక బంగాళీ పంచాంగము చేజిక్కెను. దాని యట్ట లేత నీలి కాగితము. అట్టమీద గోధుమవన్నె గల మసక మరకలు రెండు. భూతద్దము పెట్టి చూడగా అందొకటి కుడిచేతి వ్రేలి గుర్తని తేలెను. శిక్ష పొందినవారి వ్రేలిముద్రలను భద్రపఱచు కచ్చేరీ కలకత్తాలో 1897లో ఏర్పడియుండెను. అచ్చట పోల్చి చూడగా ఆ గుర్తు పాత నౌకరు కంగాళీ చరణుని కుడి బొటనవ్రేలితో సరిపోయెను. వందల మైళ్ల దూరమున బీర్భూము జిల్లాలో అతనిని పట్టుకొని కలకత్తాకు తెచ్చి మరల ముద్ర తీసిరి. నీలి యట్టమీది మరకలు పాలిచ్చు జంతుజాతి నెత్తురని పరీక్షకుడు చెప్పెను. పక్షిది కాదు గనుక పావురము కథతో దీనికి పొత్తు లేదు. ఇనుపపెట్టె తాళపుచెవికై కాగితములు వెదకునప్పుడు నెత్తుటి వ్రేలు పంచాంగమునకు తగిలియుండునని పోలీసులు ఊహించిరి.

పంచాంగమన్న మాట వినగానే మాకు మా యింటి పంచాంగము కన్నులకు కట్టెను. తిథి చూచుటకు వంటయింటినుండి తడిచేతితో వచ్చి తీయుదుము గదా! ఉగాది గడచిన మూడు నెలలకే దాని యట్టమీద పసుపు వ్రేళ్లు, నూనె వ్రేళ్లు, పిల్లల సిరా వ్రేళ్లు తెలియవచ్చును. ఎవ్వరు ఎప్పుడు ముట్టిరో అది మౌనముగా వ్రాసి పెట్టుకొనును.

వ్రేళ్లమీది గీతలు మనకు క్రొత్తవి కావు. పసిబిడ్డ చేతిని విప్పి, "ఇన్ని చక్రములు, ఇన్ని శంఖములు" అని మన అమ్మమ్మలు లెక్కించి భాగ్యము చెప్పుచుందురు. ఆ చక్రములనే హెన్రీ దొర కచ్చేరీలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను నిరువురు యువకులు వేఱొక ప్రయోజనమునకు లెక్కించిరి. ఏయే వ్రేళ్లయందు చక్రమున్నదో చూచి వానికి అంకెలు కట్టి, పదివ్రేళ్ల ముద్రలను 1,024 అఱలలో సర్దు గణితము హక్‌గారిది. పోపులపెట్టెలో ఆవాలెచ్చటనో మెంతులెచ్చటనో చీకటిలోనైన మన చేయి యెఱిగియున్నట్లు, వేలకొలది కాగితములలో కావలసినది వారి చేతికి వచ్చెడిది. ఆ పద్ధతి లోకమంతట ప్రాకినది. 1901లో హెన్రీ దొర లండనునకు పోయి అచ్చటను దానిని నెలకొల్పెను. పేరు మాత్రము 'హెన్రీ పద్ధతి' యనియే నిలిచినది. ఇరువురు దేశీయులకును ప్రభుత్వము తరువాత బిరుదులిచ్చెను.

ఇక తీర్పు. న్యాయాధిపతియు, ఆయన కడ కూర్చుండి యభిప్రాయము చెప్పు అసెసరులును విచారించి, కంగాళీ చరణుడు సొత్తు దొంగిలించెనని నిర్ణయించిరి. హత్యనేరమునుండి మాత్రము విడిచిపెట్టిరి. చంపుచుండగా చూచినవారు లేనప్పుడు మనుష్యుని ప్రాణము తీయు తీర్పు చెప్పుట క్షేమము కాదని వారి భావము. "పిఱికివారు! నెత్తుటి వ్రేలు కంటికి కనబడుచుండ ఇంకేమి కావలెను?" అని మా వారి యాక్షేపణ. వ్రేలు పెట్టెలో దూరెనని ముద్ర చెప్పినది గాని, కత్తి పట్టెనని చెప్పలేదు గదా యని మా మాట. అతనితో మఱియొకడుండిన? ఈ వాదము మాకు ఖరగపురము దాటువఱకు సాగినది.

వర్ధమానము గడచి బండి బీర్భూము జిల్లాలో ప్రవేశించెను. ఎఱ్ఱనేల, తాడిచెట్లు, గట్లమధ్య వరిచేలు. మన గోదావరి జిల్లాల మెట్టసీమ వలెనే యుండి కంటికి ఇంపుగా నుండెను. బోల్పూరులో శాంతినికేతనమునకు పోవువారు సందడిగా దిగిపోయిరి. మేము కిటికీకడ కూర్చుండి, కంగాళీ యే పల్లెలో దొరికెనో గదా యని చూచుచుంటిమి. 'కంగాళీ' యనగా ఆ భాషలో నిరుపేద. పుట్టిన బిడ్డ కా పేరు పెట్టిన తల్లి యే స్థితిలో నుండెనో మనమూహింపవచ్చును.

ఫరక్కాకడ గంగను దాటితిమి. 1975లో పనికి వచ్చిన ఆనకట్టమీదుగా రైలు పోవును. నీరు సముద్రము వలె నుండును. ఆనాడు ఈ దారి లేదు. కలకత్తానుండి పోవువారు పద్మానదివఱకు ఒక రైలు, నది దాటుటకు పొగయోడ, ఆవలియొడ్డున సిలిగుడివఱకు మఱియొక రైలు ఎక్కవలసి యుండెను. పద్మమీద వంతెన 1915లో గాని రాలేదు. ఆ నీలి పంచాంగము కాగితములలో చుట్టబడి, ఏ పోలీసువాని చంకలోనో, ఓడ దాటి పోయియుండును.

చదువరులకొక హెచ్చరిక. న్యూ జల్పాయిగుడి స్టేషను జల్పాయిగుడిలో లేదు! అది సిలిగుడి ప్రక్కనున్నది. అసలు ఊరు అచ్చటికి సుమారు 40 కిలోమీటర్లు. మా మఱది యెదురుగా రాకున్నచో మేము మూటలతో తెల్లబోయి నిలిచెడివారము.

జల్పాయి యనునది యొక పుల్లని కాయ. ఆ చెట్లనుబట్టి ఊరికా పేరు వచ్చెనని చెప్పుదురు. ఊరు చిన్నది, శుభ్రమైనది. ఊరినడుమ కరలా నది, ప్రక్కన తీస్తా. తీస్తాయొడ్డున తెల్లవారుజామున నిలిచినప్పుడు ఉత్తరమున కాంచనజంఘ కనబడెను. మొదట మబ్బనుకొంటిమి, అది కదలలేదు. ఎండ తగులగానే బంగారు వన్నె దాల్చెను. హిమవంతుని వర్ణనలు చిన్ననాట వల్లించినవారమే గాని, కంటికి కనబడిన క్షణమున మాకొక శ్లోకమైనను నోటికి రాలేదు.

1864-65లో భూటానుతో జరిగిన యుద్ధమువలన ఇంగ్లీషువారికి ఈ నేల దక్కెను. 1869లో జిల్లా యేర్పడెను. 1874 మొదలు తేయాకు నాటిరి. అడవులు కొట్టుటకును ఆకు కోయుటకును ఛోటానాగపురమునుండి ఉరావులను, ముండాలను, సంతాలులను రప్పించిరి. వారి సంతతివారే నేటికిని తోటలలో నున్నారు.

మేము చూచిన తోట ఆ హత్య జరిగినది కాదు. అయినను నేల యదే, పని యదే. తేయాకు తోటలు కొండలమీదనే యుండునని తలచితిమి. ఇచ్చట చాపవలె సమమైన నేల. నడుమెత్తు పొదలు, వానికి పలుచని నీడనిచ్చు చెట్లు, బారులు తీరిన స్త్రీలు. నెత్తికి తగిలించుకొని వీపున వ్రేలాడు సంచిలోనికి రెండాకులు, ఒక మొగ్గ చొప్పున తుంచి వెనుకకు విసరుచుందురు. చూపు చేతిమీద నుండదు. కోతకు ఎక్కువగా స్త్రీలనే పెట్టుదురు. సాయంకాలము తూకమునకు నిలిచినప్పుడు వారి వ్రేళ్లు చూచితిమి. ఆకు పసరు పట్టి నల్లబడి, చివరలు చీలి యుండెను.

అచ్చట నిలిచినప్పుడు హెన్రీ దొర కథలోని జనము మాకు వేఱువిధముగా కనబడిరి. పుస్తకములో బొటనవ్రేలే నాయకుడు. 'కూలీలలో నొకడు' అను మాట ఒక పంక్తిలో వచ్చి మఱియొక పంక్తిలో మాయమగును. ఆ పంక్తుల నడుమ యెన్ని దినములు గడచెనో, ఎందఱిని వరుసగా నిలువబెట్టి యడిగిరో, ఆ బారులు చూచినప్పుడు తోచెను. ఆ స్త్రీకి పుస్తకములో పేరైన లేదు. యజమానుడు పోయెను, ఆమె బంధువులు ఊరిలో హంతకులనిపించుకొనిరి, తరువాత నిర్దోషులనిరి. చిన్న ఊరిలో ఈ మూడవ మాట మొదటి రెంటివలె వేగముగా పరుగెత్తునా? వంటవానిని తలచుకొనగా శాకుంతలములోని జాలరి జ్ఞప్తికి వచ్చెను. చేప కడుపున దొరికిన యుంగరమును అమ్మజూపినందుకు రక్షకభటులు అతనిని కట్టి తెచ్చిరి గదా. ఉంగరము రాజుదని తేలినపిదప జాలరికి బహుమానమైన దక్కెను. పావురమును కోసిన వంటవానికి ఏమి దక్కెనో హెన్రీ దొర చెప్పలేదు.

అట్లని ఆ దొరను నిందింపజాలము. ఆ వ్రేలిముద్ర లేకున్నచో అనుమానము ఈ నలుగురిలో బలహీనుడైనవాని నెత్తిననే స్థిరపడియుండును. మన యిండ్లలో వెండిగిన్నె పోయిన దినమున పనిమనిషిని గాక మఱియెవ్వరిని ముందుగా అడుగుదుము? ఆ ముద్ర పట్టించినది ఒక్కని; విడిపించినది తోటెడు జనమును. మనము చదువురానివానిని ఎగతాళిగా 'వ్రేలిముద్రగాడు' అందుము. ఆ ముద్ర యెంతటి పెద్దమాట చెప్పగలదో ఈ తోట చూచిన పిదప ఆ యెగతాళి మా నోట రాదు.

తూకము ముగిసిన తరువాత ఒక ముసలమ్మ గట్టుమీద కూర్చుండి కాళ్లు చాపుకొనెను. మా మఱది హిందీలో మాటలు కలిపి, మేము వ్రేలిముద్రల కథ వెదకికొని వచ్చితిమని నవ్వుచు చెప్పెను. ఆమె నవ్వక తన కుడి బొటనవ్రేలు మాకు చూపెను. నలుబదియేండ్లు ఆకు తుంచిన వ్రేలు. దానిమీద శంఖము లేదు, చక్రము లేదు. నీట నానిన గులకఱాయి వలె నున్నగా నుండెను. రేషను బియ్యమునకు పోయినప్పుడు యంత్రముమీద ఆ వ్రేలు పెట్టినచో, ఇది నీవు కాదని యంత్రము త్రోసివేయునట. "నీళ్లతో కడుగుము, కొంగుతో తుడువుము, మరల పెట్టుము" అందురట. మా వీధిలో అంట్లు తోమి బ్రతుకు ముసలామెకును ఇదే గతి యని, ఆమె నెల నెల రెండుసారులు తిరుగునని మేము చెప్పితిమి. మా మఱది ఆ మాట హిందీలో చెప్పగా ముసలమ్మ ఆశ్చర్యపడి, "మీ దేశమునను తేయాకు తోటలున్నవా?" అని యడిగెను.

ఇప్పుడెట్లు తెచ్చుకొనుచున్నావని యడిగితిమి. మనుమడు బడి మానుకొని ఆ దినమున తనవెంట వచ్చుననియు, వాని వ్రేలు యంత్రమునకు బాగుగా తెలియుననియు చెప్పి, సంచి దులుపుకొని లేచి పోయెను.