లెక్కలోకి రాని కండె

ఎమ్మిగనూరులో మా ఇంట్లో రాట్నం చప్పుడుతోనే తెల్లవారేది. నాన్న గుంటమగ్గంలోకి దిగేలోపు అమ్మ కండెలు చుట్టి బుట్ట నింపాలి. అయినా "మీ అమ్మ ఏం చేస్తుంది?" అని బళ్ళో అడిగితే "ఇంట్లోనే ఉంటుంది సార్" అనేదాన్ని.

ఎంబీఏ అయ్యాక ఒక చేనేత ప్రాజెక్టులో చేరాను. కొన్ని రకాల దుప్పట్లను 1985 చట్టం చేనేతకే కేటాయించినా, అంగట్లో పవర్‌లూమ్ దుప్పటిదే రాజ్యం. అందుకని కొత్త రకం తేవాలి. కొనేదెవరు, ఎంతకు కొంటారు అన్నది నా వంతు. డిజైన్ మరో అమ్మాయి వంతు. వ్యాపారమూ డిజైనూ కలిసి నడవాలని క్లాసులో చెప్పారు. మా ఊరికి అది కొత్త పాఠమేం కాదు. నేసేవాళ్ళ చేతుల్లోనే అమ్మకమూ ఉండాలని మాచాని సోమప్పగారు 1938లోనే ఇక్కడ సహకార సంఘం పెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆదోని మీటింగులో ఆరు రంగుల అడ్డచారల దుప్పటి ఖాయమైంది. నూలు, రంగు, నేత కూలి, రవాణా, లాభం అన్నీ వేసి లెక్క తేల్చాను. అందరూ మెచ్చుకున్నారు.

నమూనా చూసి అమ్మ అంది: "ఆరు రంగులంటే ఆరు తీర్ల కండెలు. మిగిలిన నూలు మళ్ళా ఇప్పాల, మళ్ళా సుట్టాల. ఎవురు సేస్తార్మే ఇదంతా?"

నా కాగితం తీసి చూసుకున్నాను. కండెలకు గడే లేదు. కండెలు చుట్టిన చేతి కూడు తిని చదివిన నేనే ఆ గడి గీయలేదు.

డిజైనర్‌ను తీసుకొచ్చి అమ్మ పక్కన కూచోబెట్టాను. "సారలు పడుగులోకి తిప్పండి. పేక ఒగే రంగు పెట్టుకోండి" అంది అమ్మ. పడుగు ఒకసారి వేస్తే చాలా దుప్పట్లకొస్తుంది. మాటిమాటికీ నాడె మార్చే పనీ తప్పుతుంది. దుప్పటి అందం తగ్గలేదు, ఖర్చు తగ్గింది. మీటింగులో వెంటనే ఒప్పుకున్నారు.

కండెల కూలి గడి కలపమన్నప్పుడు మాత్రం, "అది నేత కూలిలోనే ఉంది కదమ్మా" అన్నారు. ఆ కూలి నాన్న చేతికొస్తుంది.

అమ్మ సలహా పనికొచ్చింది, ఆమె పనికి మాత్రం వెల రాలేదు. ఇప్పుడు ఏ లెక్క వేసినా మొదటి వరుసలో కండెలే రాస్తున్నాను. కొట్టేసేవాళ్ళు, కారణం చెప్పి కొట్టేయాల్సిందే.