పిడికెడు పిడికెడుగా

విశ్వాస జీవితంలో సద్గుణాలు ఎలా పెరుగుతాయని యువత మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. మేము ఏజెన్సీ గూడేలలో పుట్టి, టీచర్ ట్రైనింగ్ చేసి, ఇప్పుడు సికింద్రాబాదులో ఉంటున్న ఆదివాసీ క్రైస్తవ ఉపాధ్యాయులం. మా జవాబు ఒకటే. ఆదివారం వాక్యం విన్నప్పుడు విత్తనం పడుతుంది. అది పెరిగేది సోమవారం నుంచి శనివారం వరకు, వంటింట్లో, బస్సులో, బడిలో.

అపొస్తలుడైన పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ప్రేమ, దీర్ఘశాంతం, సాత్వికం, ఆశానిగ్రహం వంటి తొమ్మిది గుణాలను ఆత్మఫలంగా చెప్పాడు. ఫలం అనే మాటను పోడు ఎరిగిన మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. విత్తాలి, కలుపు తీయాలి, రాత్రుళ్లు మంచె మీద కూర్చుని పందులను తోలాలి. వాన దేవుడిచ్చేది, కాపలా మనది. గుణం కూడా అంతే. కోపం తగ్గించమని ప్రార్థించినవాడు, కోపం వచ్చే చోట నోరు అదుపులో పెట్టుకోవడం రోజూ నేర్చుకోవాలి.

సికింద్రాబాదులో చర్చిలకు కొదవలేదు. 1850లో పూర్తయిన సెయింట్ మేరీస్ చర్చి మొదలుకొని ఎన్నో ఉన్నాయి. చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే వెస్లియన్ మిషనరీ 1895లో ఈ ఊరికే వచ్చి, తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య చేశారు. ఆ పనితో తృప్తి పడక పల్లెల బాట పట్టి మెదక్ చేరారు. 1914లో అక్కడ మొదలైన పెద్ద చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరుపుకుంది. కరువు రోజుల్లో ఆ పనికి వచ్చినవారికి తిండి దొరికింది. దయ జాలి మాటలతో ఆగకుండా చేతికి పని, కంచంలోకి అన్నం అయింది.

మణుగూరు, కొత్తగూడెం వైపు నుంచి మన పిల్లలు ఎక్కే రైలు డోర్నకల్ జంక్షన్ మీదుగా సికింద్రాబాదు చేరుతుంది. ఆ డోర్నకల్‌కు 1912లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఆయన సంఘాలలో ఎక్కువమంది పల్లెల్లోని నిరుపేదలు. అయినా, లేనివారు ఇవ్వలేరన్న మాట ఆయన ఒప్పుకోలేదు. తెలుగు సంఘాలలో స్త్రీలు వండబోయే బియ్యంలోంచి పిడికెడు తీసి దేవుని పనికి పక్కన పెట్టే అలవాటు మనకు తెలిసిందే. మిజోరంలోని ఆదివాసీ క్రైస్తవ స్త్రీలు కూడా వందేళ్లకు పైగా ఇలాగే చేస్తున్నారు. వారు దాన్ని బుహ్‌ఫాయ్ థామ్ అంటారు. పిడికెడు బియ్యం తగ్గితే ఎవరి కడుపూ మాడదు. కానీ వండిన ప్రతిసారీ చేయి ఒక్క క్షణం ఆగుతుంది, ఇంకొకరు గుర్తుకొస్తారు. ఆ ఆగడమే సాధన.

ఈ సాధన మన తాతముత్తాతలకు కొత్త కాదు. చిక్కుడు కొత్త, మామిడి కొత్త చేసేదాకా ఆ కాపు నోట పెట్టేవారు కాదు. చెట్టు నిండా కాయలున్నా పిల్లలు ఆగేవారు. కాయ ముదిరేది, ఊరందరికీ ఒకేసారి అందేది. అది ఆశానిగ్రహం కాక మరేమిటి? వేట మాంసంలో వేటకు రాలేని ఇంటికీ వాటా వెళ్లేది. బైబిలు మన గూడేనికి రాకముందే ఈ మంచి మనవాళ్ల దగ్గర ఉందని చెప్పడానికి క్రైస్తవులమైన మనం వెనుకాడనక్కరలేదు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథీడ్రల్‌లో గుమ్మటాలూ ఉన్నాయి, మన మండపాల తీరు స్తంభాలూ ఉన్నాయి. ఈ నేల పోకడను ఆ చర్చి తనలో కలుపుకుంది.

నగరంలో పరీక్షలు వేరు. ఫోనులో అప్పు నిమిషంలో దొరుకుతుంది, తీర్చడానికి నెలలు పడుతుంది. పక్కవాడి బండి చూసి మనకూ కావాలనిపిస్తుంది. మామిడి కొత్త దాకా ఆగిన అవ్వను అప్పుడు తలచుకోవాలి.

ఉపాధ్యాయులకు అసలు పరీక్ష ఒకటో తరగతిలో. కోయ పిల్లవాడు లేచి "ఏరు" అంటాడు. కోయ మాటలో ఏరు అంటే నీళ్లు. తెలుగు మాత్రమే తెలిసిన మాస్టారికి వాగు తలపుకొస్తుంది. "ఏరు సంగతి ఇప్పుడెందుకురా, కూర్చో" అంటే వాడు దాహంతోనే కూర్చుంటాడు. ఒక్క నిమిషం ఆగి వాడి చూపు ఎటుందో గమనిస్తే మూలనున్న నీళ్ల బిందె కనబడుతుంది. దీర్ఘశాంతం అంటే ఆ ఒక్క నిమిషం.

అన్నిటికంటే కష్టమైనది సెలవులకు ఊరు వెళ్లినప్పుడు ఎదురవుతుంది. బాప్తిస్మం తీసుకున్న ఇంటికీ తీసుకోని ఇంటికీ మాటలు ఆగిపోయిన గూడేలను మేము చూశాం. చదువుకున్న పిల్లలే కొందరు తాతను అజ్ఞాని అంటారు. పండుం రోజున పెద్దలు చేసే పూజలో కూర్చోవాలా వద్దా అన్నది ఎవరి మనస్సాక్షికి వారిది. కానీ చావు ఇంటికి కట్టెలు మోయడానికి, ఒంటరి ముసలమ్మకు నీళ్లు తేవడానికి, పెద్దమ్మను ఆప్యాయంగా పలకరించడానికి ఏ విశ్వాసం అడ్డం? మన ప్రార్థనను వెక్కిరించే బంధువుకూ అదే మర్యాద ఇవ్వాలి. సాత్వికం అక్కడే తేలుతుంది. అది లేకపోతే మన పిల్లలకు చర్చి మిగులుతుందేమో గాని, చుట్టరికం మిగలదు.

యువతకు, తోటి ఉపాధ్యాయులకు మా మనవి చిన్నదే. పెద్ద తీర్మానాలు చేయవద్దు. ఒక్క గుణాన్ని ఎంచుకుని దానికి ఒక వేళ, ఒక పని పెట్టండి. వండేముందు పిడికెడు బియ్యం తీసి, ఉద్యోగ పరీక్షలకు చదువుకోవడానికి ఊరి నుంచి వచ్చి గదిలో ఉంటున్న మన పిల్లలకు ఇవ్వండి. రాత్రి తొమ్మిది దాటాక ఫోను పక్కన పెట్టండి. మీ వీధి వాచ్‌మన్‌ను ఏ ఊరన్నా అని అడగండి. మన జిల్లావాడే కావచ్చు. వారం తర్వాత ఇంకొకటి మొదలుపెట్టవచ్చు. ముందు ఈ వారానిది చేద్దాం.