నోటిమాట జీతం

మా ఇళ్ళల్లో కాయితమంటే భయం. అప్పుకి కాయితం ఉంటది, కూలికి ఉండదు. సింగరాయకొండ దగ్గర ఒక పొగాకు రైతు కింద మా నాయన పాలేరుగా ఉన్నాడు. ఉగాదికి జీతం మాట్లాడుకోవటం అంతా నోటిమాటే. మధ్యలో తెచ్చుకున్న గింజలకీ మందులకీ మాత్రం ప్రాంసరీ నోటు, రెవిన్యూ స్టాంపు మీద వేలిముద్ర. లెక్క చూసేరోజు రాసిన అప్పు నిలబడేది, రాయని జీతం తరిగేది. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చిందని నేను డిగ్రీలో చదివి చెబితే "అట్టాగా" అన్నాడు నాయన. అంతే.

నేను ఉద్యమ పత్రికలకి ఊరికే రాశాను, ఇప్పుడూ రాస్తాను. అది మన పని. ఈ సంకలనానికీ అంతే. వ్యాపారం సంగతి వేరు. మూడేళ్ళ కిందట ఒక ప్రచురణకర్త మా పల్లె బతుకుల మీద పుస్తకం రాసిమ్మని కబురు పెట్టాడు. ఎంతిస్తారు, ఎప్పుడిస్తారు, రాసివ్వండి అన్నాను. ఆయన మొహం మారింది.

"మాస్టారూ, మన మధ్య కాయితాలేంటి? మీ గొంతు పదిమందికీ వినపడాలనే గదా మా తాపత్రయం!"

అచ్చువేసేవాడికి బిల్లు, కాయితం కొట్టుకి బిల్లు, బైండరుకి లెక్క. మా గొంతు ఒక్కటే ఉత్త పుణ్యానికి రావాలి. నాయన ఆసామి కూడా "మనలో మనకి లెక్కలేందిరా" అనేవాడు. అట్లా అడిగితే ఇంకెవరూ నీ పుస్తకం వెయ్యరని తోటి రచయితలు బెదిరించారు. ఆ భయం నాకూ ఉంది.

1957 నాటి కాపీరైటు చట్టంలో 19వ సెక్షను మన పిల్లలు చదవాలి. హక్కు రాసిస్తే, మన సంతకంతో కాయితం మీద ఉంటేనే అది చెల్లుతుంది. ఏ రచన, ఏ హక్కులు, ఎన్నాళ్ళు, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత, ఇవన్నీ అందులో ఉండాలి. గడువు రాయకపోతే అయిదేళ్ళే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. తీసుకున్నాయన ఏడాదిలోపు ఆ హక్కు వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకుంటే, అది మనకే తిరిగొస్తది. రాసిన కూలి సంగతి కొంచెం వేరు. నోటిమాట ఒప్పందమూ చెల్లుతుంది గానీ రుజువు మన నెత్తిన పడుతుంది. గైడ్లు రాసే మన కుర్రాళ్ళు స్టాంపు కాయితం దొరక్కపోయినా తేదీతో ఒక ఉత్తరమన్నా, ఫోనులో ఒక మెసేజీ అన్నా అడిగి పెట్టుకోవాలి.

చివరికి ఆయనే రెండు పేజీల ఒప్పందం పంపాడు. "సర్వహక్కులూ శాశ్వతంగా" అని ఉన్న వాక్యం కొట్టేసి, మొదటి ముద్రణ వరకే అని రాశాను. సగం డబ్బు సంతకం రోజున, సగం రాతప్రతి అందిన నెలలోపు. గొణుక్కుంటూనే సంతకం పెట్టాడు. సగం వచ్చింది.

రెండో సగం ఇంకా రాలేదు. రాతప్రతి రిజిస్టర్డు పోస్టులో పంపాను, అందినట్టు రసీదుంది. రావలసిన బాకీకి గడువు దాటిన నాటినుంచి మూడేళ్ళలోపు దావా వెయ్యాలి. ఆ తేదీ ఇంట్లో కేలెండరు మీద ఎర్రసిరాతో రాసిపెట్టాను. ఈ లోపల ఆయనకి రెండు ఉత్తరాలు రాశాను, మూడోది వకీలు రాస్తున్నాడు.